భౌతికశాస్త్రంలో ఒక సిద్ధాంతాన్ని సైన్స్ అని ఎప్పుడు అనగలం?

లెక్కలు అందంగా ఉంటే చాలదు. తాను తప్పని తేలే అవకాశాన్ని సిద్ధాంతమే ముందుగా ఇవ్వాలి. మా నల్లగొండ వైపు బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూపిస్తారు. నీళ్లు పడకపోతే "ఇంకో వంద ఫీట్లు దించాల్సింది" అంటారు. ఏం జరిగినా ఆ మాట ఓడిపోదు, అందుకే అది సైన్స్ కాదు.

ఐన్‌స్టీన్ అలా తప్పించుకునే దారి పెట్టుకోలేదు. సూర్యుడి అంచు పక్కనుంచి వచ్చే నక్షత్రకాంతి సుమారు 1.7 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుందని 1915లోనే చెప్పారు. న్యూటన్ లెక్కలో వచ్చేది అందులో సగమే. సూర్యుడి పక్కన నక్షత్రాలు కనిపించేది గ్రహణంలోనే. 1919 మే 29 సూర్యగ్రహణం ఫొటోలను బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ వాళ్లు కొలిస్తే ఐన్‌స్టీన్ అంకెకే దగ్గరగా వచ్చింది. ఎంత ధైర్యమైన పందెం!

అయితే ఒక్క తేడాకే సిద్ధాంతాన్ని పారేయరు. యురేనస్ కదలికలో న్యూటన్ లెక్కకు తేడా కనిపిస్తే, ఆ సిద్ధాంతాన్ని వదలకుండా, దాన్ని లాగే కనపడని గ్రహం ఉందన్నారు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. ఆ ఊహను కూడా పరీక్షించగలిగారు కదా.