సైకిల్ యాత్రలో నీళ్లు ఎక్కువ తాగినా ప్రమాదమేనా?

ప్రశ్న: నా వయసు 47 ఏళ్లు. విజయవాడ పటమటలో ఉంటాను. బ్యాంకు ఉద్యోగిని. నాలుగేళ్లుగా బీపీకి రోజూ ఉదయం ఒక మాత్ర వేసుకుంటున్నాను, దాని పేరు చివర ‘హెచ్’ అని ఉంటుంది. షుగర్ లేదు. ఏడాదిగా నలుగురు మిత్రులతో కలిసి ఆదివారాలు సైకిల్ తొక్కుతున్నాను. గత నెల ప్రకాశం బ్యారేజీ దాటి కరకట్ట మీదుగా అమరావతి వెళ్లి వచ్చాం. రానూపోనూ సుమారు 75 కిలోమీటర్లు, ఆగుతూ ఆగుతూ ఆరు గంటలు పట్టింది. ఎండదెబ్బ తగలకూడదని దారి పొడవునా ఐదు లీటర్లకు పైగా మంచినీళ్లు తాగాను. మోకాలు నొప్పిగా ఉంటే ఒక మిత్రుడు ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకున్నాను. తిరుగు దారిలో ఉండవల్లి చేరేసరికి తలనొప్పి, వికారం మొదలయ్యాయి. ఇంటికొచ్చాక రెండుసార్లు వాంతి అయింది. వేలి ఉంగరం బిగుసుకుపోయి ఎంత లాగినా రాలేదు. మూత్రం చాలా తక్కువగా వచ్చింది. దగ్గర్లోని క్లినిక్‌లో ఒంట్లో నీరు తగ్గిందని చెప్పి సెలైన్ ఎక్కించారు. అప్పుడు చేసిన రక్త పరీక్షలో సోడియం 128 ఉంది. ఆ రోజు బయల్దేరే ముందు నా బరువు 78 కిలోలు, తిరిగి వచ్చాక 79.2 కిలోలు. వచ్చే నెల మూడు రోజుల సెలవుల్లో మచిలీపట్నం మీదుగా మంగినపూడి బీచ్‌కు వెళ్లి మర్నాడు తిరిగి రావాలనుకుంటున్నాం. ఈసారి ఎన్ని లీటర్ల నీళ్లు తాగితే ఇలా కాకుండా ఉంటుంది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు రాసిన వివరాలన్నింటిలోనూ అతి ముఖ్యమైనవి ఆ రెండు బరువులు. ఆరు గంటలు సైకిల్ తొక్కిన మనిషి చెమట రూపంలో నీరు కోల్పోయి, ఎంత తాగినా, కాస్తో కూస్తో బరువు తగ్గి ఇల్లు చేరడం సహజం. మీరు మాత్రం కిలోకు పైగా బరువు పెరిగి వచ్చారు. కొన్ని గంటల్లో పెరిగిన ఆ బరువు కొవ్వు కాదు, కండ కాదు, ఒంట్లో నిలిచిపోయిన నీరు. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. మీకు 128కి పడిపోయింది. దీన్ని హైపోనేట్రీమియా అంటాం. అంటే ఆ రోజు మీ ఒంట్లో నీరు తగ్గలేదు, ఎక్కువై సోడియాన్ని పలచన చేసింది. కాబట్టి ఇంకా ఎన్ని లీటర్లు తాగాలన్న మీ ప్రశ్నకు నా సమాధానం, ఈసారి తక్కువ తాగాలనే.

మూత్రం తక్కువగా రావడం చూసి మీరూ, క్లినిక్ వారూ నీరు తగ్గిందని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. సాధారణంగా ఎక్కువ నీళ్లు తాగితే కిడ్నీలు ఆ అదనపు నీటిని వెంటనే మూత్రంగా వదిలేస్తాయి. కానీ గంటల తరబడి శ్రమ పడినప్పుడు, నొప్పి, వికారం, వేడి తోడైనప్పుడు, మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలై, నీటిని వదలకుండా పట్టి ఉంచమని కిడ్నీలను ఆదేశిస్తుంది. ఆ స్థితిలో తాగిన ప్రతి సీసా లోపలే ఉండిపోతుంది. ఉంగరం బిగుసుకుపోవడానికి కారణం అదే. వేలు వాస్తే ఉంగరం బిగుసుకోవడంతో సరిపోయింది, కానీ అదే సమయంలో మెదడు కణాలు కూడా కొంత ఉబ్బుతాయి, పుర్రె లోపల వాటికి సాగే చోటు లేదు. మీ తలనొప్పి, వాంతులు అక్కడి నుంచి వచ్చినవే. సోడియం ఇంకా పడిపోయి ఉంటే తికమక, మూర్ఛ, స్పృహ కోల్పోవడం దాకా వెళ్లేది.

అందరూ నీళ్లు తాగారు కదా, నాకే ఎందుకిలా అయిందని మీకు అనిపించవచ్చు. అందుకు మీ మాత్ర వైపు చూడాలి. పేరు చివర ఉండే ‘హెచ్’ సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్ అనే మందుకు గుర్తు. మూత్రం ద్వారా ఉప్పును బయటకు పంపి రక్తపోటు తగ్గించడం దాని పని. అది మంచి మందు, చవకైనది, దశాబ్దాలుగా వాడుతున్నదే. అయితే అది సోడియాన్ని పోగొట్టడంతో పాటు, మూత్రాన్ని పలచన చేసి అదనపు నీటిని వదిలించుకునే శక్తిని కూడా కిడ్నీలో తగ్గిస్తుంది. బెజవాడలో ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే ఇదే మందు వాడుతున్న పెద్దవాళ్లను మా దగ్గరకు తీసుకొస్తుంటారు. ‘‘అమ్మ నిన్నటి నుంచి పొంతన లేకుండా మాట్లాడుతోందండీ, మనవడి పేరు కూడా తడుముకుంటోంది’’ అని చెబుతూనే కూతురు తల్లి నోటికి నీళ్ల సీసా అందిస్తూ ఉంటుంది. ఆ సీసాను పక్కన పెట్టించడమే మేం చేసే మొదటి పని.

దీనికి తోడు మీ మిత్రుడు ఇచ్చిన నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులు వాసోప్రెసిన్ ప్రభావాన్ని మరింత పెంచుతాయి, కిడ్నీకి రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. మీ బీపీ మాత్రలో టెల్మిసార్టాన్ వంటి మరో బీపీ మందు కూడా కలిసి ఉంటే, ఆ రెండింటికీ నొప్పి మాత్ర జతకావడం కిడ్నీలకు నిజంగా ప్రమాదకరం. ఆ మిత్రుడు మీ మీద ప్రేమతోనే ఇచ్చి ఉంటారు, అయినా సైకిల్ మీద ఉన్నంతసేపూ నొప్పి మాత్ర జోలికి పోవద్దు. మోకాలు నొప్పి పెడితే సీటు ఎత్తు చూపించుకోండి, తేలిక గేర్‌లో తొక్కండి, అప్పటికీ తగ్గకపోతే ఆ రోజుకు ఆపేయండి.

ఇది మన ఎండలకే పరిమితమైన సమస్య కాదు. చల్లటి దేశాల్లోనూ కనిపిస్తుంది. అమెరికాలో 2002 బోస్టన్ మారథాన్ పూర్తి చేసిన 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే, నూటికి 13 మందిలో సోడియం తక్కువగా ఉందని తేలింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగి ఉన్నవారిలోనే ఆ ముప్పు ప్రధానంగా కనిపించింది. మీ తూకం యంత్రం ఆ రోజు చెప్పిందీ అదే.

అయితే ఎంత తాగాలి? దాహం వేసినప్పుడు తాగండి, దాహం తీరగానే ఆపండి. మిత్రులు తాగుతున్నారని, సీసాలో మిగిలిందని తాగవద్దు. మీ విషయంలో గంటకు ముప్పావు లీటరు దాటకుండా చూసుకోండి. చల్లటి వేళ అర లీటరే చాలవచ్చు. అలాగని ఎండలో దాహాన్ని అణచుకొని తొక్కడం కూడా తప్పే. నాలుగు గంటలు దాటే ప్రయాణంలో, ముఖ్యంగా చొక్కా ఆరాక దాని మీద తెల్లటి ఉప్పు చారలు కట్టేవారు, తాగే దానిలో సగమైనా ఉప్పు ఉన్నదై ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీటిలో పూర్తిగా కలుపుకోవచ్చు, లేదా లీటరు నీటికి అర టీస్పూన్ ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార చొప్పున ఇంట్లోనే కలుపుకోవచ్చు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకొని అమ్మే తీపి పానీయాలు అసలైన ఓఆర్ఎస్ కావు. అలాంటి పేర్లు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది కూడా. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ చాలా మంచిది. కొబ్బరి బోండాంలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, కాబట్టి అది ఉప్పుకు ప్రత్యామ్నాయం కాదు. ఉయ్యూరు దగ్గర దొరికే చెరకు రసం శక్తినిస్తుంది కానీ అందులోనూ ఉప్పు లేదు. పామర్రులో ఆగి రెండు ఇడ్లీలు చట్నీతో తిన్నా దానికంటే మేలు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఉప్పు కలుపుకున్నాను కదా అని ఐదు లీటర్లు తాగితే సోడియం అప్పుడూ పడిపోతుంది. ఉప్పు కొంత ఆసరా మాత్రమే, తాగే నీటి మోతాదే అసలు రక్షణ. ఇక బీపీ ఉన్నవారు ఉప్పు తీసుకోవచ్చా అన్న సందేహం మీకు వచ్చే ఉంటుంది. ఈ సలహా గంటల తరబడి చెమటోడ్చే రోజుకే పరిమితం, మిగిలిన రోజుల్లో మీ పథ్యం మామూలుగానే కొనసాగించండి.

మీ మిత్రులకు కూడా ఈ జవాబు చదివి వినిపించండి, ఎందుకంటే సోడియం తగ్గిన మనిషికి తనకు ఏమవుతోందో తెలియకపోవచ్చు. నీరు తగ్గినవారికి విపరీతమైన దాహం వేస్తుంది, నోరు పిడచకట్టుకుపోతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. నీరు ఎక్కువైనవారికి కడుపు ఉబ్బరం, తాగిన నీళ్లే వాంతి కావడం, వేళ్ల వాపు, వాచీ పట్టీ బిగుసుకోవడం, పెరుగుతూ పోయే తలనొప్పి ఉంటాయి. ఇలాంటి లక్షణాలుంటే నీళ్లు ఇవ్వడం ఆపి, నీడలో కూర్చోబెట్టి, కాస్త ఉప్పగా ఉన్నదేదైనా తినిపించి, ఇక సైకిల్ ఎక్కనివ్వకండి. మాట తడబడినా, అడిగిన దానికి సంబంధం లేని జవాబు వచ్చినా, మూర్ఛ వచ్చినా నోటికి ఏమీ పెట్టకుండా 108కి ఫోన్ చేయాలి. ఒళ్లు కాలిపోతూ తికమకగా ఉంటే అది వడదెబ్బ కావచ్చు, అంబులెన్స్ వచ్చేలోపే ఒళ్లంతా నీళ్లు పోసి గాలి గట్టిగా విసరాలి. ఆస్పత్రికి వెళ్లగానే, సెలైన్ పెట్టే ముందే సోడియం చూడమని అడగండి. తీవ్రంగా ఉన్నవారికి మామూలు సెలైన్ పనికిరాదు, 3 శాతం గాఢత గల సెలైన్‌ను డాక్టర్ల పర్యవేక్షణలో కొద్ది మోతాదులో ఎక్కించాలి. ఆ రోజు మీరు త్వరగా కోలుకోవడానికి, తాగడం ఆపేయడం, హార్మోన్ తగ్గుముఖం పట్టాక మూత్రం సాఫీగా రావడమే ముఖ్య కారణమై ఉంటుంది.

మంగినపూడి ప్రయాణానికి ముందు సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు మళ్లీ చేయించుకొని, పాత రిపోర్టుతో సహా మీ ఫిజీషియన్‌ను కలవండి. బీపీ మాత్రను మీ అంతట మీరు మానేయవద్దు. హైడ్రోక్లోరోథయాజైడ్ లేని మందుకు మార్చాలని మీ డాక్టర్‌ను అడగండి. నా దగ్గరకు వచ్చి ఉంటే నేను తప్పకుండా మార్చేవాణ్ని. మీ వయసు, బీపీ దృష్ట్యా ఒక ఈసీజీ కూడా తీయించుకోండి, ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఛాతీలో బరువుగా అనిపిస్తుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి. సోడియం 135 దాటిందని తేలాక, మందు మారిస్తే కొత్త మందు మీద రెండు వారాలు గడిచాక, కరకట్ట మీద ఒక 40 కిలోమీటర్లు తొక్కి చూడండి. బయల్దేరే ముందు, వచ్చిన వెంటనే, అవే పలచటి బట్టలతో బరువు చూసుకొని, ఎంత తాగారో పక్కనే రాసుకోండి. బరువు అర కిలో నుంచి కిలో వరకు తగ్గితే మీరు తాగింది సరిపోయినట్టే. ఏమాత్రం పెరిగినా ఆ కాగితంతో మళ్లీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి, మంగినపూడి ప్రయాణాన్ని వచ్చే సెలవులకు వాయిదా వేసుకోండి.