టెక్ సందేహాలు: ఆ 87 శాతం ఎవరు కొలిచారు?

ప్రశ్న: "నగరంలో నూటికి 73 ఫోన్లలో వైరస్" అంటూ మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది. నాన్నగారు లింకు నొక్కగానే ఒక వెబ్ పేజీ తెరుచుకుని, ఆయన ఫోను మోడల్, హైదరాబాద్ పేరు చూపించి "మీ ఫోను 87 శాతం ప్రమాదంలో ఉంది, ఈ యాప్ వేసుకోండి" అంది. వేయమంటారా?

జవాబు: వద్దు. ఇలాంటి సందేశాల గురించి దిల్‌సుఖ్‌నగర్ నుంచి, మలక్‌పేట నుంచి కూడా అడుగుతున్నారు. అందరినీ నమ్మించింది ఫోను పేరు, ఊరి పేరు సరిపోవడమే. మోడల్ పేరు బ్రౌజరే ఆ పేజీకి అందిస్తుంది. ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరును) బట్టి ఊరు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఫోనులోని యాప్‌లను తనిఖీ చేసే వీలు మాత్రం వెబ్ పేజీకి లేదు. అందుకే 87 అన్నది కొలత కాదు, ఎవరో టైపు చేసి పెట్టిన అంకె.

73 సంగతీ అంతే. ఎన్ని ఫోన్లు చూశారు, ఎవరు చూశారు, ఎప్పుడు? సందేశంలో ఒక్కదానికీ జవాబు లేదు. వాట్సాప్‌లో సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. మీకు పంపిన పక్కింటివారు నిజాయితీపరులే కావచ్చు, కానీ దాన్ని పుట్టించింది ఎవరో వారికీ తెలియదు.

నాకు అసలు భయం ఆ తర్వాతి మెట్టు గురించి. దిగేది ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోనులో వేసుకునే యాప్ ఫైలు. అది ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. రెండూ ఇస్తే మీ ఓటీపీ దాని చేతిలో ఉన్నట్టే. తెర మీద ఏముందో చదువుతుంది, మీ బదులు బటన్లూ నొక్కుతుంది. కంగారులో ఉన్న పెద్దవారు ఏ అనుమతి అడిగినా ఇచ్చేస్తారు, ఆ కంగారు పుట్టించడానికే ఈ శాతాలు. నాన్నగారు ఇప్పటికే వేసుకుని ఉంటే వెంటనే వైఫై, మొబైల్ డేటా ఆపండి. మరో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా స్తంభింపజేయించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది. యాప్ తొలగించనివ్వకపోతే సెట్టింగ్స్‌లో దానికి ఉన్న డివైజ్ అడ్మిన్ అధికారం (ఫోను మీద పెత్తనం ఇచ్చే అనుమతి) తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

ప్రశ్న: "99 శాతం ఖచ్చితత్వం" అని చెప్పుకునే భద్రతా యాప్ కొనవచ్చా?

జవాబు: ఆ ఒక్క అంకె చూసి కొనకండి. వెయ్యి యాప్‌లలో పది హానికరమైనవి అనుకుందాం. 99 శాతం అంటే ఆ పదీ దాదాపు దొరుకుతాయి. కానీ మిగిలిన 990లో ఒక శాతం, అంటే మరో పది మంచి యాప్‌లకూ ఎర్రజెండా పడుతుంది. మోగే హెచ్చరికల్లో సగం తప్పే! వాటికి విసిగిన మనిషి నిజమైన హెచ్చరికనూ మూసేస్తాడు. ఎన్ని పట్టుకుంటుందో పెద్ద అక్షరాల్లో రాసి, ఎన్నిసార్లు అనవసరంగా బెదిరిస్తుందో దాచే యాప్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను.