ప్రొటీన్ స్కిమ్మర్ కప్పులోకి నురుగు రాకపోతే ముందు గాలి దారిని చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: చిత్తూరులోని మీ ఇంటి ఉప్పునీటి ఆక్వేరియంలో ప్రొటీన్ స్కిమ్మర్ (నీటిలోకి సన్నటి బుడగలు పంపి, కరిగిన మురికిని నురుగుగా పై కప్పులోకి ఎక్కించే పరికరం) కొన్న కొత్తలో చిక్కటి మురికిని బాగా తీసేది, ఇప్పుడు కప్పును వారం వారం కడుగుతున్నా నురుగు కప్పు కిందుండే మెడ దాకా కూడా ఎక్కడం లేదు, పంపు మాత్రం తిరుగుతూనే ఉంది, దాన్ని మార్చాలా అని. తిరుపతిలో నేను కొన్నేళ్ళుగా క్లౌన్ చేపలూ రొయ్యలూ ఉన్న తొట్టెను నడుపుతున్నాను. నా అనుభవంలో ఇలాంటి లక్షణాలకు పంపు కారణం కావడం అరుదు, గాలి తగ్గడమే తరచుగా కారణం.

నీటిలో కరిగిన ప్రొటీన్లు, కొవ్వుల వంటి పదార్థాల అణువులకు ఒక కొస నీటిలో ఇమిడితే మరో కొస నీటికి దూరం జరుగుతుంది కాబట్టి, అవి గాలీ నీరూ తాకే చోట, అంటే బుడగ పైపొర మీద, చేరతాయి. అదే గాలిని ఎంత చిన్న బుడగలుగా చీలిస్తే మురికి అంటుకోవడానికి అంత ఎక్కువ చోటు దొరుకుతుంది. పంపు గాలి గొట్టం గుండా గాలిని పీలుస్తుంది, ఆ గాలిని చీల్చే పని పంపు లోపల తిరిగే చక్రం, అంటే ఇంపెల్లర్, మీది సూదులు చేస్తాయి. అందువల్ల గాలి తగ్గినా, సూదుల మధ్య గార పేరుకున్నా, మోటారు చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది గాని నురుగు లేవదు. కప్పుతో పాటు మెడ లోపలి గోడను కూడా రెండు మూడు రోజులకొకసారి తుడవాలి. అక్కడ పట్టే జిడ్డు పైకి ఎక్కుతున్న నురుగును విరగ్గొడుతుంది. అయితే కంటికి కనిపించే ఈ భాగాలను మాత్రమే కడిగితే మీ సమస్య తీరదు.

పంపు నడుస్తుండగా గాలి గొట్టం పైకొసను వేలితో మూసి చూడండి. వేలిని లోపలికి లాగుతున్నట్టు స్పష్టంగా తెలియాలి, చప్పుడు మారాలి, కొద్ది క్షణాల్లో బుడగలు పలచబడాలి. ఇవేవీ జరగకపోతే గాలి దారి పూడుకుపోయినట్టే. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, గొట్టాన్ని పంపు మూతి నుంచి ఊడదీసి వెలుతురులో పట్టి చూస్తే, లోపల తెల్లటి ఉప్పు ఉంగరంలా గడ్డకట్టి, మధ్యలో సన్నటి రంధ్రం మాత్రమే మిగిలి ఉండడం చూస్తారు. ఉప్పునీటి తుంపర బయటి పొడి గాలిని కలిసే చోటు అదే. ఎండాకాలంలో మన వైపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో, పైగా నీరు వేడెక్కకుండా సంప్ (పై తొట్టె కింద స్కిమ్మర్‌ను ఉంచే తొట్టె) మీద ఫ్యాను పెట్టినవారికి, ఈ ఉప్పు మరీ త్వరగా పేరుకుంటుంది. పూర్తిగా మూసుకుపోక ముందే గొట్టం కొసను గోరువెచ్చని ఆర్‌ఓ నీళ్ళ గ్లాసులో కాసేపు ముంచి, స్కిమ్మర్ చేతే ఆ నీటిని పీల్పిస్తే ఉప్పు కరిగిపోతుంది. నేను దీన్ని నెలకోసారి చేస్తాను.

ఉప్పు మంచినీటికి కరుగుతుంది గాని ఇంపెల్లర్ మీద పట్టే గార కరగదు, ఎందుకంటే అది కాల్షియం కార్బొనేట్. దానికి ఆమ్లం కావాలి. రెండు మూడు నెలలకొకసారి పంపును విప్పి, ఇంపెల్లర్‌నూ దాని గదినీ తెల్ల వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపిన బకెట్లో అరగంట నుంచి కొన్ని గంటల దాకా నాననివ్వండి. వెనిగర్ బదులు లీటరు నీటికి రెండు మూడు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపినా సరిపోతుంది. వేసిన వెంటనే సూదుల మధ్య నుంచి సన్నటి బుడగలు లేవడం మొదలవుతుంది, గార ఉన్నంతసేపూ అవి ఆగవు. ఆ తర్వాత పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, మంచినీటితో రెండు మూడు సార్లు కడగాలి. ఇరుసు పింగాణీది అయితే ఇంపెల్లర్‌ను పక్కకు వంచకుండా నిటారుగా లాగండి, అది చటుక్కున విరుగుతుంది.

సబ్బు, గిన్నెలు తోమే ద్రవం దగ్గరికి రానివ్వకండి. కాస్త మిగిలినా నురుగు అదుపు తప్పి కప్పు పొంగి, తీసిన మురికంతా మళ్ళీ సంప్‌లో పడుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ వద్దు, బ్లీచింగ్‌ను వెనిగర్‌తో అసలే కలపకండి, విషపు క్లోరిన్ వాయువు వస్తుంది. కప్పు యాక్రిలిక్ కాబట్టి మరిగే నీళ్ళు, స్పిరిట్, ఇనుప పీచు తగలకూడదు. ఇంకొక మాట: స్కిమ్మర్ గది గాలినే పీల్చి నీటిలో కలుపుతుంది కనుక, ఆ గదిలో దోమల మందు కొట్టకండి. దోమల మందుల్లో ఉండే పైరిథ్రాయిడ్ రసాయనాలు చేపలకూ, వాటికంటే ఎక్కువగా రొయ్యలకూ ప్రాణాంతకం.

ఇవన్నీ చేశాక కూడా నురుగు తక్కువగా ఉంటే సంప్‌లో నీటి మట్టం కొలవండి. ప్రతి మోడల్‌కూ తయారీదారు చెప్పిన లోతు ఒకటి ఉంటుంది, వేసవిలో నీరు ఆవిరై మట్టం దిగితే నురుగు కూడా దిగుతుంది. ఆవిరైన దానికి బదులు ఆర్‌ఓ నీరే పోయాలి, ఉప్పునీరు పోస్తే లవణీయత పెరిగిపోతుంది, బోరు నీరు పోస్తే గార మరింత పెరుగుతుంది. కరెంటు పోయినప్పుడు మాత్రం దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. పై తొట్టెలోని నీరు సంప్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది, కరెంటు రాగానే స్కిమ్మర్ ఆ లోతులోనే మొదలై పొంగుతుంది. మా ఇంట్లో స్కిమ్మర్‌కు విడి స్విచ్ పెట్టించి, మిగతావి నడిచి మట్టం కుదిరాకే వేస్తున్నాము.

కడిగిన తర్వాత ఒకటి రెండు రోజులు నురుగు నిలకడగా ఉండకపోవచ్చు, ఈలోపు నురుగు ఎత్తును సర్దే వాల్వును మాటిమాటికీ తిప్పకండి. ఆ గడువు దాటాక కూడా బుడగలు సన్నగా, పాలలాగా తెల్లగా కాకుండా పెద్దవిగా వస్తుంటే ఇంపెల్లర్‌ను మళ్ళీ తీసి చూడండి. అయస్కాంతం ఉబ్బినా, సూదులు ఊడినా, ఇరుసు విరిగినా అప్పుడు మార్చాలి, అదీ ఇంపెల్లర్ ఒక్కటే మార్చితే చాలావరకు సరిపోతుంది. నాకు విడిభాగాలు తిరుపతిలో దొరకలేదు, చెన్నై కొళత్తూరులోని అలంకార చేపల దుకాణాల్లో తెచ్చుకున్నాను. వెళ్ళేటప్పుడు పాత ఇంపెల్లర్‌ను వెంట తీసుకెళ్ళండి, ఫొటో చూపిస్తే కొలత తేలదు.