ముందు ఆయన గొంతు వినిపించు

తమ్ముడూ,

దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ మీద నువ్వు సాధన కోసం రాసి పంపిన టీవీ నివాళి కథనం చదివాను. రెండు నిమిషాల ప్యాకేజీ, అంటే దృశ్యాలూ మాటలూ కలిపి కూర్చిన కథనం. ఆ రెండు నిమిషాలూ నీ మాటలే. ఆయన గొంతు ఒక్క చోటా లేదు. పైగా శీర్షిక ‘మూగబోయిన గళం’! గాయకుడు పోతే పాట వినిపిస్తాం, నటుడు పోతే సినిమా చూపిస్తాం. వార్తలు చదివిన మనిషి పోతే మాత్రం ఆయన చేత ఒక్క వార్తా చదివించకుండా మనమే మాట్లాడేస్తాం.

ప్యాకేజీ మొదటి 12 సెకన్లు ఆయనకు వదిలెయ్. వాయిస్ ఓవర్ వద్దు, వీణ బిట్టూ వద్దు. నమస్కారం, తొలి ముఖ్యాంశం దొరికితే అంతకంటే మంచిది లేదు. వాక్యం మధ్యలో కోయకు. చదవాల్సింది కెమెరా దగ్గరే చూపించే ప్రాంప్టర్ ఆ రోజుల్లో లేదు. కాగితం మీది వాక్యాన్ని మనసులో పెట్టుకుని తలెత్తి చెప్పాలి. ఆ తలెత్తే క్షణం దాకా క్లిప్ నడవాలి, అందులోనే ఆ పనితనమంతా కనిపిస్తుంది. ఏ వార్త ఎంచుకుంటావన్నది కూడా చూసుకో. పాత ప్రమాదం వార్తో, ఎన్నికల వార్తో పెడితే, టీవీ మధ్యలో పెట్టినవాడు ఇప్పుడే జరిగిందనుకుంటాడు. వాన, ప్రాజెక్టు, పండగ లాంటివి నయం. మూలన సంవత్సరం వేయించు. కచ్చితంగా తెలియకపోతే ‘పాత దృశ్యం’ అని వేస్తే చాలు.

అందుకే స్క్రిప్టు కంటే ముందు పాత టేపులు దాచే లైబ్రరీకి ఫోన్ చెయ్యాలి. రోజువారీ బులెటిన్లు లైవ్‌లో వెళ్లిపోయేవి. అన్నీ దాచలేదు, దాచిన టేపుల మీద మళ్లీ రికార్డు చేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. దూరదర్శన్ దృశ్యం దూరదర్శన్‌దే. ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు కదా అని దించేసుకోకు, అనుమతి అడుగు, తెర మీద వారి పేరు వెయ్. దొరికినది పాత టీవీల 4:3 కొలతలో ఉంటుంది. ఎడిటర్ అలవాటుగా ఇప్పటి వెడల్పు తెరల 16:9కి సాగదీస్తే ముఖం వెడల్పై మనిషే మారిపోతాడు. పక్కల నలుపు ఉండనీ. పాత టేపుల్లో ఆడియో ఒక్కోసారి ఎడమో కుడో ఒకే ఛానెల్‌లో ఉంటుంది, దాన్ని రెండిటికీ పంపమను. సరసర శబ్దం తీసేయాలని ఫిల్టర్ మరీ బిగిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. కొంచెం సరసర ఉన్నా పరవాలేదు.

ఇక నీ వాస్తవాలు. ‘తొలి తెలుగు న్యూస్ రీడర్’ అని రాశావు. తప్పు. ఆకాశవాణిలో అంతకు దశాబ్దాల ముందు నుంచే తెలుగు వార్తలు చదివేవారు. ‘దూరదర్శన్‌లో తొలి’ అనాలి. 1977 అన్నావు, అది హైదరాబాద్ దూరదర్శన్ మొదలైన ఏడాది. ఈయన తొలి బులెటిన్ చదివింది 1983 నవంబర్ 14న. ఫొటో సంగతి మరీ జాగ్రత్త. పేరు కొట్టి వెతికితే శాస్త్రవేత్త శాంతి స్వరూప్ భట్నాగర్ కూడా వస్తారు. ఆయన 1955లోనే పోయారు. గ్రాఫిక్స్ కుర్రాడికి ఇద్దరి ముఖాలూ తెలియకపోవచ్చు, ఫొటో నువ్వే పంపు.

లీడ్‌లో, అంటే యాంకర్ చదివే మొదటి మాటల్లో, ‘ధ్రువతారగా వెలుగొందిన’, ‘తీరని లోటు’, ‘ఒక శకం ముగిసింది’ మూడూ ఉన్నాయి. ఇలా ఉంటే ఏం పోయింది?

‘దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ కన్నుమూశారు. హైదరాబాద్‌లో చికిత్స పొందుతూ ఈరోజు తుదిశ్వాస విడిచారు. 1983లో తొలి బులెటిన్ చదివిన ఆయన 2011లో పదవీ విరమణ చేశారు.’

యాంకర్ 14, 15 సెకన్లలో తాపీగా చదువుతుంది. మొదటి ముక్కలోనే ఎవరు, ఏమైంది తేలిపోయింది. ‘శాంతి స్వరూప్ ఆత్మకు శాంతి చేకూరాలని’ అన్న నీ చివరి వాక్యం ఒకసారి పైకి చదివి చూడు, నాలుక ఎక్కడ తట్టుకుంటుందో తెలుస్తుంది. అసలు ఆ కాగితం యాంకర్‌కు పది నిమిషాల ముందే ఇవ్వాలి. పోయినవారితో కలిసి పనిచేసి ఉండవచ్చు, తెర మీద మొదటిసారి చూసి గొంతు పూడుకుపోతే తప్పు ఆమెది కాదు.

వీటన్నిటికీ ముందు మరణం ఖాయం చేసుకోవాలి. కుటుంబం నుంచో ఆసుపత్రి నుంచో ఒకటి, వేరే చోటు నుంచి ఇంకొకటి. పాత సిబ్బంది వాట్సాప్ గ్రూపులో పది మంది దండం పెట్టారంటే పది ధ్రువీకరణలు కావు, ఒక్కటే ఫార్వర్డు పదిసార్లు తిరిగింది.

ఫోనోకు, అంటే ఫోన్‌లో లైవ్‌గా మాట్లాడించడానికి, ఇంట్లోవాళ్లను ఆ గంటలో పిలవకు. పాత సహోద్యోగి ఒక్కరు చాలు. లైవ్‌లో ఉన్నారని ముందే చెప్పు. ‘ఎలా ఫీలవుతున్నారు’ అంటే తీరని లోటు అనే అంటారు, పాపం వాళ్లు మాత్రం ఏమంటారు? ‘బులెటిన్‌కు ముందు ఐదు నిమిషాలు ఆయన ఏం చేసేవారు?’ అని అడుగు. నలభై సెకన్లలో మనిషి కళ్ల ముందుకొస్తాడు.

రన్‌డౌన్, అంటే బులెటిన్‌లో వార్తల వరుస, నీ చేతిలో ఉండదు, కానీ ప్రొడ్యూసర్ చెవిన వేయడం నీ పనే. ఎర్ర బ్రేకింగ్ పట్టీ, ఢమఢమ స్టింగ్ మ్యూజిక్ ఈ కథనానికి ఆపించాలి. అన్నిటికంటే ఎక్కువగా పరువు తీసేది ప్రకటన. ఆయన ముఖం పక్కన, తెర అంచుల్లో ప్రకటనలు వచ్చే ఎల్ బ్యాండ్‌లో పెళ్లి పట్టుచీరలు యాభై శాతం తగ్గింపు! యాడ్స్ షెడ్యూల్ చూసేవాళ్లకు ముందుగా చెబితే ఆ రెండు నిమిషాలు తీసేస్తారు, చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? తరువాతి ఐటమ్ సినిమా టీజర్ అయితే మధ్యలో ఇంకో వార్త పెట్టించు.

శుక్రవారంలోగా తిరగరాసి పంపు. ఈసారి క్లిప్ చేతికొచ్చాకే రాయడం మొదలుపెట్టు.

ఇట్లు,
మీ అన్నయ్య