రిబ్ ఎందుకో తెలియకుండా రెండో సాఫ్ట్‌వేర్ వద్దు

ప్రశ్న: మెకానికల్ డిప్లొమా పూర్తయింది. అమీర్‌పేటలో సాలిడ్‌వర్క్స్ (కంప్యూటర్‌లో 3డి డిజైన్ చేసే క్యాడ్ సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నాను. ప్లాస్టిక్ పార్టుల డిజైన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళితే రిబ్ మందం, డ్రాఫ్ట్ గురించి అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు కాటియా కూడా నేర్చుకోవాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీకు కమాండ్లు వచ్చు. ఏ ఆకారం ఎందుకు ఇస్తారో తెలుసుకోవడమే మిగిలింది. కాటియాకు ఫీజు కట్టినా అవే ప్రశ్నలు మళ్లీ ఎదురవుతాయి.

కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులో నింపి చేసే పార్టులో గోడ మందం అంతటా వీలైనంత సమానంగా ఉండాలి. మందంగా ఉన్నచోట ప్లాస్టిక్ నెమ్మదిగా చల్లారి ఎక్కువ కుంచించుకుపోతుంది. దాంతో పైకి కనిపించే వైపు గుంట పడుతుంది. దాన్నే సింక్ మార్క్ అంటారు. అందుకే బలం కావాలంటే గోడను మందం చేయరు, వెనుక రిబ్ (సన్నని నిలువు పట్టీ) ఇస్తారు. ఆ రిబ్ మందం కూడా గోడ మందంలో 50-60 శాతం దాటనివ్వరు. గోడ 2 మి.మీ. ఉంటే రిబ్ అడుగున 1 నుంచి 1.2 మి.మీ. చాలు. ఎత్తు గోడ మందానికి మూడు రెట్లు మించకపోవడం మంచిది. స్క్రూ పట్టే బాస్‌ను (గొట్టంలాంటి దిమ్మెను) గోడకు నేరుగా అతికించినా గుంటే పడుతుంది. కాస్త ఎడంగా పెట్టి రిబ్‌తో కలపాలి.

ఇక డ్రాఫ్ట్, అంటే గోడలకు ఇచ్చే కొద్దిపాటి వాలు. పార్టు చల్లారుతూ అచ్చు లోపలి భాగాన్ని గట్టిగా పట్టుకుంటుంది. గోడలు నిట్టనిలువుగా ఉంటే బయటికి తోసేటప్పుడు గీతలు పడతాయి, పార్టును తోసే ఎజెక్టర్ పిన్నుల ముద్రలు తేలతాయి. మామూలుగా ఒక్కో వైపు 1 డిగ్రీ ఇస్తారు. పైన టెక్స్చర్ (గరుకు నమూనా) ఉంటే ఇంకా పెంచాలి. క్యాడ్‌లో వరుస కూడా ముఖ్యమే. ముందు డ్రాఫ్ట్, తర్వాత బయటి ఫిల్లెట్లు (మూలలను గుండ్రం చేయడం), ఆ తర్వాతే షెల్ (లోపల డొల్ల చేయడం). అప్పుడు మూలల్లోనూ మందం సమానంగా వస్తుంది. ఇంటర్వ్యూలో మీ ఫీచర్ ట్రీ (మోడల్‌ను ఏ వరుసలో చేశారో చూపే జాబితా) తెరిచి చూసేవారు ఉంటారు. ఈ వరుస చూస్తే మీకు విషయం తెలుసో లేదో వారికి ఇట్టే అర్థమైపోతుంది.

ఇంట్లో పాడైన టీవీ రిమోట్ ఉంటే విప్పండి. వెర్నియర్‌తో గోడ, రిబ్, బాస్ కొలిచి మోడల్ చేయండి. బ్యాటరీ మూత కొక్కెం దగ్గర ఆగండి. అచ్చు నేరుగా తెరుచుకుంటే ఆ కొక్కెం ఎలా బయటికి వస్తుంది? కింద కన్నం వదిలారా, అచ్చులో పక్కకు జరిగే భాగం పెట్టారా? దీనికి జవాబు వెతికితే అచ్చు పని సగం అర్థమవుతుంది. ఆ మోడల్‌నే ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి.

పద్ధతిగా చదవాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ సంస్థ సిపెట్‌లో క్యాడ్, క్యామ్‌తో కూడిన ప్లాస్టిక్స్ మోల్డ్ డిజైన్ పోస్ట్ డిప్లొమా ఏడాదిన్నర కోర్సు. మెకానికల్ డిప్లొమా వాళ్లు అర్హులే. హైదరాబాద్‌లో చర్లపల్లి, విజయవాడ దగ్గర సూరంపల్లిలో కేంద్రాలున్నాయి. ఏ కేంద్రంలో ఈ కోర్సు ఉందో ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకుని దరఖాస్తు చేయండి. కాటియానో క్రియోనో, చేరబోయే కంపెనీ ఏది వాడుతుందో తెలిశాక నేర్చుకోవచ్చు.