ఆమె చుట్టిన కండెలు

ప్రశ్న: మాది బరంపురం. నాకు 63 ఏళ్లు, పట్టుచీరలు నేస్తాను. మా ఇంటిది పోయి ఎనిమిది నెలలైంది. 38 ఏళ్లు నా మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టింది. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. ఆమె చుట్టినవి ఇంకా ఆరు కండెలున్నాయి. వాడితే అయిపోతాయని మగ్గం గుంటలోకి దిగడమే మానేశాను. నిద్దర లేదు, ఒక పూటే తింటున్నాను. "బాధలో అర్థం ఉంటుంది, వెతుక్కో బావా" అంటాడు మా బావమరిది. ఆమె చావుకి అర్థమేంటమ్మా?

జవాబు: అన్నయ్యగారూ, ఆమె చావుకి అర్థం వెతకనక్కర్లేదు. ఇదీ అర్థమని పైవాళ్లెవరూ చెప్పకూడదు, నేనైనా సరే. బావమరిది మీద కోపం పెట్టుకోకండి. ఆయనకి పోయింది సొంత అక్క. ఆ మాట తనకు తానే చెప్పుకుంటున్నాడేమో.

ఆ మాట వియన్నా మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ నుంచి వచ్చింది. 1942లో నాజీలు ఆయన్ని నిర్బంధ శిబిరానికి పంపారు. 1945లో బయటపడేసరికి అమ్మ, నాన్న, భార్య ఎవరూ మిగల్లేదు. అంత పడ్డ మనిషి కూడా బాధ మంచిదనలేదు. తీసేయగల బాధని ముందు తీసేయాలన్నాడు. తీరని బాధలోనూ మనిషికి చేయవలసిందొకటి మిగిలే ఉంటుందన్నాడు.

ఒక ముసలి డాక్టరు భార్య పోయిన రెండేళ్లకి ఆయన దగ్గరికి వచ్చాడు. "ముందు మీరే పోయుంటే?" అని ఫ్రాంకల్ అడిగాడు. "పాపం, తట్టుకోలేకపోయేది." "ఆ బాధ ఆవిడకి తప్పింది. మీరు బతికి ఏడుస్తున్నారు కాబట్టే తప్పింది." డాక్టరు చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. ఇది మీకు మందుగా చెప్పడం లేదు. అది ఆ డాక్టరుకి సరిపోయింది, అంతే.

తీసేయగల బాధ మీకూ ఉంది. ఆర్నెల్లు దాటినా దుఃఖం తిండిని, పనిని ఆపేస్తుంటే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ కూడా ఒక జబ్బుగా గుర్తించింది. మీ ఊళ్లోనే ఎం.కె.సి.జి. ఆసుపత్రి ఉంది, మానసిక వైద్య విభాగానికి ఈ వారమే వెళ్లండి. బావమరిదిని తోడు తీసుకెళ్లండి. రాత్రి మరీ కష్టంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్, డబ్బులక్కర్లేదు.

కండెల మాట. మా అమ్మ పోయాక ఆమె పోపులడబ్బాలో మిగిలిన ఆవాలు ఏడాదిపాటు ముట్టుకోలేదు నేను. అందుకని వాడేయమని చెప్పలేను. అయిదు నేసి ఒకటి దాచుకున్నా, ఆరూ దాచుకున్నా మీ ఇష్టం. కానీ ఆ చీర ఎవరి కోసం మొదలుపెట్టారో రాయలేదు. ఎవరి పెళ్లికి? రంగు ఎవరు ఎంచారు, ఆమేనా? అది నాకు రాయండి.