ముందు తలుపు కింద చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. చెట్టు కింద వదిలేసిన వ్యాన్‌ని మొదటి పేరాలోనే "చావు కోసం ఎదురుచూస్తున్న ముసలి తండ్రి"ని చేసేశావు. ఆ తర్వాత నాకు వ్యాన్ కనబడితే ఒట్టు.

దాని దగ్గరికి వెళ్ళు. గొంతుక్కూర్చుని తలుపు కింది అంచు చూడు. లోపలికి దిగిన వాననీళ్ళు బయటికి పోవడానికి అక్కడ చిన్న కన్నాలుంటాయి. ఆకులూ మట్టీ చేరి అవి పూడుకుపోతే నీళ్ళు లోపలే నిలుస్తాయి. అందుకే తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. ఇనుము తుప్పుగా మారితే ఇంకా ఎక్కువ చోటు కావాలి. దాంతో పెయింట్ ముందు పొక్కుతుంది, ఆనక పగులుతుంది. ఆ పగులు దగ్గర చూడు: వెలిసిపోయిన నీలం, దాని కింద బూడిదరంగు ప్రైమర్, ఆ కింద కాషాయం, నడుమ దాదాపు నలుపు. అల్యూమినియం మీద పట్టే పొర దాన్ని కాపాడుతుంది. ఇనుముకి ఆ అదృష్టం లేదు. తుప్పు పెళ్ళలుగా రాలిపోతూ కింది ఇనుముని మళ్ళీ గాలికీ తడికీ అప్పగిస్తుంది. ఇంత పని జరుగుతున్న చోట నీకు చావు కనిపించిందా?

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో తుప్పుపట్టిన ట్రాక్టర్ మీద ఒకటి రాశాను. "ఇందులో ఎమోషన్ ఏదయ్యా?" అని ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. డ్రైవర్ కన్నీళ్ళు కలిపి పంపితే వెంటనే వేసుకున్నాడు. అచ్చయిన ఆ కథని నేను ఇప్పటికీ మళ్ళీ చదవలేదు. ఈనాటికీ అదే వరస. పాత వస్తువు కనబడితే చాలు, దాని నెత్తిన జ్ఞాపకాల మూట పెట్టేస్తారు.

బొలీవియాలో ఉయుని ఊరి బయట వదిలేసిన ఆవిరి రైలింజన్లని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఉప్పుగాలి తినేసిన ఆ ఇనుము అందంగానే ఉంటుంది. కానీ రోజూ దాటిపోయే వ్యాన్ దగ్గర ఆగడానికి వేరే చూపు కావాలి. గేర్ రాడ్‌కి చుట్టుకున్న తీగ పగిలిన అద్దం వైపు తిరిగిందని రాశావే, అక్కడ ఆగావు నువ్వు. నేను గీత గీసింది ఆ ఒక్క వాక్యం కిందే.

పేరు మార్చాలా, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు. అవన్నీ తర్వాత. ఈసారి వాన వెలిశాక వెళ్ళి, ఆ తలుపు కింద నుంచి కారే నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూసి నాకు రాయి.